క్షమించిన భర్తను శిక్షించిన చట్టం

క్రీస్తుకు పూర్వం 18 ప్రాంతంలో రోము చక్రవర్తి అగస్టస్ వ్యభిచారాన్ని అణచడానికి ఒక చట్టం చేశాడు. అంతవరకు ఇంటిపెద్ద గడప లోపల తేల్చుకునే వ్యవహారాన్ని ఆ చట్టం బహిరంగ నేరంగా మార్చి న్యాయస్థానానికి ఎక్కించింది. భార్య మరొకరితో ఉండగా పట్టుకున్న భర్త ఆమెకు విడాకులు ఇచ్చి తీరాలి. ఆపైన 60 రోజులపాటు ఆమె మీద నేరం మోపే మొదటి హక్కు అతనికీ ఆమె తండ్రికీ ఉండేది. వాళ్లు ఊరుకుంటే మరో నాలుగు నెలలపాటు సంబంధం లేని బయటివాళ్లు కూడా కేసు పెట్టవచ్చు. నేరం రుజువైతే ఆమె కట్నంలో సగం, ఆస్తిలో మూడో వంతు పోయేవి. ఆమెను ఏదో ఒక దీవికి పంపేసేవారు. అగస్టస్ తన సొంత కూతురు జూలియానే క్రీ.పూ. 2లో పండతేరియా దీవికి వెళ్లగొట్టాడు. ఇదంతా ఒక ఎత్తు, భర్తకు పెట్టిన నిబంధన ఒక ఎత్తు. భార్య పట్టుబడ్డాక కూడా ఆమెను ఇంట్లోనే ఉంచుకున్న మగవాడు తార్పుడు నేరం చేసినట్టు లెక్క. అతనికీ శిక్ష తప్పదు. అదే భర్త దాసితోనో వేశ్యతోనో గడిపితే ఆ చట్టం దృష్టిలో అది వ్యభిచారమే కాదు. భార్యను క్షమించడం నేరమైన లోకం అది. భర్త క్షమాపణ అడగవలసిన సందర్భమే రాని లోకం కూడా.

క్రైస్తవ దాంపత్యంలో క్షమ గురించి బోధించేవాళ్లు ఈ నేపథ్యాన్ని దాదాపుగా ఎత్తరు. ఎత్తకపోవడం వల్ల ఆ బోధ తలకిందులైందని నేను నమ్ముతున్నాను. మన తెలుగు సంఘాల్లో దంపతుల మధ్య క్షమ అనగానే తరచుగా అది భార్యకు చేసే ఉపదేశంగానే వినిపిస్తుంది. భర్త తాగి వచ్చినా, చెయ్యి చేసుకున్నా, మరొకరితో తిరిగినా ఓర్చుకో అమ్మా, ప్రార్థనలో పెట్టు, ప్రభువే మారుస్తాడు అంటారు. డెబ్బై ఏడుల మార్లు క్షమించమని పేతురుకు యేసు చెప్పిన లెక్కను ఆమె ముందు పెడతారు. ఆదిమ సంఘం వదిలి వెళ్లిన రచనలను వరుసగా చదివితే కనిపించేది మరొకటి. వివాహంలో క్షమను సంఘం మొట్టమొదట గట్టిగా అడిగింది శిక్షించే అధికారం ఉన్నవాడిని, అంటే భర్తను. అడిగినప్పుడు రెండు షరతులు పెట్టింది. తప్పు చేసినవారు ఆ తప్పు మానాలి. ఆలికీ మగడికీ ఒకే కొలత ఉండాలి. ఈ రెండు షరతులూ కాలక్రమంలో ఎలా జారిపోయాయో చెప్పడమే ఈ వ్యాసం పని.

రోముకు ముందే యూదు లేఖనాల్లో ఈ ప్రశ్న ఉంది. భార్యను విడిచిపెట్టాక ఆమె మరొకరి భార్య అయితే మొదటి భర్త ఆమెను తిరిగి చేర్చుకోకూడదని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం కట్టడి చేసింది. క్రీ.పూ. 8వ శతాబ్దపు ప్రవక్త హోషేయ అందుకు ఎదురు నడిచాడు. తనను విడిచి పోయిన స్త్రీని పదిహేను తులముల వెండి, కొంత యవల ధాన్యం ఇచ్చి మళ్లీ తెచ్చుకున్నాడు. ఇశ్రాయేలు పట్ల దేవుడి ప్రేమకు అది గుర్తు అని ప్రవక్త ఉద్దేశం. దాన్ని పట్టుకుని భర్తలకు సూత్రం చెయ్యాలని ఎవరూ అనుకోలేదు. అయినా ఒక సంగతి గమనించాలి. దేవుడి క్షమకు పోలిక కావలసి వచ్చినప్పుడు ఆ ప్రవక్త ఎంచుకున్నది ఓర్చుకునే ఇల్లాలిని కాదు. అవమానం భరించి, ఎదురు డబ్బు ఇచ్చి, ఆమెను వెనక్కి తెచ్చుకున్న మగవాడిని.

రోము నగరంలోనే రెండో శతాబ్దంలో హెర్మాసు అనే విశ్వాసి ఒక గ్రంథం రాశాడు. దాని పేరు ‘కాపరి’. కొన్ని సంఘాలు చాలాకాలం దాన్ని లేఖనాలతో సమానంగా చదివాయి. నాలుగో శతాబ్దపు సైనాయ్ వ్రాతప్రతిలో కొత్త నిబంధన పుస్తకాల చివర అది కూడా ఉంది. అందులో హెర్మాసు తనకు కనిపించిన దూతను సూటిగా అడుగుతాడు: విశ్వాసి అయిన భార్య వ్యభిచారంలో ఉందని భర్తకు తెలిస్తే అతనేం చెయ్యాలి? జవాబు మూడు మెట్లుగా వస్తుంది. ఆమె ఆ బతుకు మానకపోతే అతను ఆమెతో కాపురం చేయకూడదు, చేస్తే ఆ పాపంలో పాలివాడవుతాడు. వేరుపడ్డాక మరో పెళ్లి చేసుకోకూడదు. ఆమె మారుమనస్సు పొంది తిరిగి వస్తే చేర్చుకుని తీరాలి, చేర్చుకోకపోతే పాపం అతనిది. వెంటనే ఇంకో మాట ఉంటుంది: ఇది భార్యకూ భర్తకూ ఒకే విధంగా వర్తిస్తుంది. రెండో పెళ్లి ఎందుకు వద్దన్నాడో చూస్తే ఆ ఆలోచన లోతు తెలుస్తుంది. తప్పు చేసిన మనిషి వెనక్కి రావడానికి ఇంటి తలుపు మూసుకుపోకూడదని. అగస్టస్ చట్టం ప్రకారం పట్టుబడిన భార్యను ఉంచుకున్నవాడు నేరస్థుడు. హెర్మాసు ప్రకారం పశ్చాత్తాపపడిన భార్యను చేర్చుకోనివాడు పాపి. చట్టం భయపెట్టిన చోటే సంఘం మనస్సాక్షిని నిలబెట్టింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. హెర్మాసు ఒక్కడి మాట పట్టుకుని సంఘమంతా అలాగే అనుకుందని ఎలా చెబుతావు? నిజమే, సాక్ష్యం అంతా ఒక పక్కన లేదు. 306 ప్రాంతంలో స్పెయిన్‌లోని ఎల్వీరాలో కూడిన బిషప్పులు, తన భార్య వ్యభిచరిస్తోందని తెలిసి కూడా ఆమెను వెంటనే పంపివేయని గురువుకు ప్రభుభోజనం దక్కకూడదని తీర్మానించారు. కైసరయ బిషప్పు బాసిల్ 374 ప్రాంతంలో రాసిన నియమాల లేఖలో మరింత బాధగా కనిపిస్తాడు. ప్రభువు మాట స్త్రీ పురుషులిద్దరికీ సమానంగా వర్తిస్తుందని అతను ఒప్పుకుంటాడు. ఆచారం మాత్రం అలా లేదంటాడు: తప్పు చేసిన భర్తను భార్య భరించాలి, తప్పు చేసిన భార్యను భర్త పంపివేయాలి. దీనికి కారణం చెప్పడం తేలిక కాదని, ఆచారం అలా పాతుకుపోయిందని తర్వాతి లేఖలో రాస్తాడు. ఈ సాక్ష్యం నా వాదాన్ని బలహీనపరుస్తుందని కొందరు అనవచ్చు. నాకు అది బలంగానే కనిపిస్తుంది. భార్య ఒక్కతే ఓర్చుకోవాలన్న కట్టడి సువార్త నుంచి రాలేదనీ, లోకాచారం నుంచి వచ్చిందనీ సాక్షాత్తూ ఆ ఆచారాన్ని అమలు చేసిన బిషప్పే ఒప్పుకున్నాడు. బాసిల్ స్నేహితుడు, నజియాంజుకు చెందిన గ్రెగొరి, 380 ప్రాంతపు ప్రసంగంలో ఇంకా స్పష్టంగా చెప్పాడు: చట్టాలు చేసినవాళ్లు మగవాళ్లు, అందుకే చట్టం ఆడవాళ్ల మీదికి వచ్చిందన్నాడు. 399లో పండితుడు జెరోము, రోములో కన్నుమూసిన ఫబియోల గురించి రాస్తూ అదే మాట మరో విధంగా అన్నాడు. ఫబియోల దుర్మార్గుడైన భర్తకు విడాకులిచ్చి మళ్లీ పెళ్లాడింది. రెండో భర్త పోయాక లాటరన్ దేవాలయం ముందు అందరూ చూస్తుండగా పశ్చాత్తాపపడింది, తన ఆస్తితో రోగులకు ఆసుపత్రి కట్టించింది. కైసర్ల చట్టం వేరు, క్రీస్తు చట్టం వేరు అంటాడు జెరోము. స్త్రీకి తగనిది పురుషుడికీ తగదంటాడు. మొదటి భర్తతో ఆమె సర్దుకుపోవలసిందని మాత్రం ఎక్కడా అనడు.

ఈ చర్చ అంతా ఒకచోట గుమిగూడి కనిపించేది హిప్పో బిషప్పు అగస్టీను రచనలో. 420 ప్రాంతంలో పొల్లెన్షియస్ అనే వ్యక్తికి జవాబుగా అతను వ్యభిచార వివాహాల గురించి రెండు భాగాల పుస్తకం రాశాడు. భార్య వ్యభిచరిస్తే ఆ వివాహం చచ్చిపోయినట్టే, భర్త మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు అన్నది పొల్లెన్షియస్ వాదం. ఆ దారి మూస్తే భర్తలు స్వేచ్ఛ కోసం భార్యలను చంపడానికైనా తెగిస్తారేమో అని కూడా అతను భయపెట్టాడు. ఈ బెదిరింపు వింటే ఆనాటి ఇళ్లలో అధికారం ఎవరి చేతిలో ఉందో తెలిసిపోతుంది. క్రైస్తవుడు భార్యను చంపడం ఏ పరిస్థితిలోనూ కుదరదని అగస్టీను తేల్చి చెప్పి, మూడో దారి చూపించాడు: ఆమె మారితే ఇంటికి తెచ్చుకో. దేవుని రాజ్యపు తాళపు చెవులతో సంఘం విప్పిన పాపాన్ని భర్త మళ్లీ ఎందుకు కట్టిపెట్టాలి? బాప్తిస్మంతోనో పశ్చాత్తాపంతోనో కడిగిన మనిషిని ఇంకా వ్యభిచారిణి అని పిలిచే హక్కు అతనికెక్కడిది? భర్తల ఆగ్రహానికి అగస్టీను మరో అద్దం పట్టాడు. తాను శీలంగా బతకని భర్త భార్య మీద వ్యభిచార నేరం మోపడం న్యాయం కాదన్న ఆంటొనైనస్ చక్రవర్తి ఉత్తర్వును ఎత్తి చూపి, అన్యుడైన రాజే ఇంత అడిగితే క్రీస్తు ఇంకెంత అడగాలి అని నిలదీశాడు. ఇదంతా ఎవరిని ఉద్దేశించిందో చూడండి. పుస్తకం పొడవునా అతను ఒత్తిడి పెడుతున్నది మగవాళ్ల మీద.

అదే పుస్తకంలో యోహాను సువార్త 8వ అధ్యాయంలోని కథ గురించి అగస్టీను చేసిన ఆరోపణ ఒకటుంది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని యేసు ముందు నిలబెట్టిన కథ అది, తెలుగు విశ్వాసులకు కంఠపాఠం. అల్పవిశ్వాసులు కొందరు తమ భార్యలకు పాపం చెయ్యడానికి సందు దొరుకుతుందేమోనన్న భయంతో తమ ప్రతుల్లోంచి ఆ కథను తీసేశారని అగస్టీను రాశాడు. నిజానికి సైనాయ్, వాటికన్ వ్రాతప్రతుల్లో ఆ కథ లేదు. అంతకన్నా పాత పాపిరస్ ప్రతులు రెండింటిలోనూ లేదు. 5వ శతాబ్దపు బేజా ప్రతిలో ఉంది. యోహాను సువార్తలో అది మొదట లేదని, విడిగా చెలామణీ అయిన పాత కథ తర్వాత చేరిందని నేటి వ్రాతప్రతి పరిశోధకుల్లో ఎక్కువమంది భావిస్తారు. ప్రతుల చరిత్ర విషయంలో అగస్టీను ఊహ తప్పు కావచ్చు. అయితే తన చుట్టూ ఉన్న మగవాళ్ల మనసు గురించి అతనికి తెలిసింది తప్పు కాదు. యేసు ఆ స్త్రీని క్షమించడం భర్తలకు ఇబ్బందిగా ఉందని, ఆ క్షమ తమ అధికారానికి ఎసరు పెడుతుందని వాళ్లు గ్రహించారని అతను నమ్మాడు. క్షమ అంటే ఆడవాళ్లు నోరు మూసుకుని ఉండటమే అయితే ఆ కథకు భయపడవలసిన అవసరం ఏ భర్తకూ వచ్చేది కాదు.

అగస్టీను పేరెత్తగానే అతని తల్లి మోనికను గుర్తు చేసేవాళ్లుంటారు. వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. ‘ఒప్పుకోలు’ తొమ్మిదో భాగంలో కొడుకు రాసినదాని ప్రకారం, తండ్రి పాట్రిషియస్ పరస్త్రీ సంబంధాలను ఆమె గొడవ లేకుండా భరించింది. భర్తల దెబ్బలకు మొహాలు కమిలిన ఇరుగుపొరుగు స్త్రీలు తమ కష్టం చెప్పుకుంటే, పెళ్లి పత్రం చదివిన రోజునే మీరు దాసులయ్యారనుకోండి, యజమానులకు ఎదురు తిరగకండి అని సలహా ఇచ్చింది. కొడుకు దాన్ని మెచ్చుకుంటూనే రాశాడు. శతాబ్దాలపాటు ప్రసంగాల్లో మోనిక ఆదర్శ క్రైస్తవ ఇల్లాలు అయింది ఈ పేజీల వల్లే. అయితే తల్లి జ్ఞాపకంగా రాసిన ఈ భాగం పక్కన, బిషప్పుగా హిప్పో సంఘంలో అదే అగస్టీను చేసిన ప్రసంగాన్ని కూడా పెట్టి చదవాలి. అందులో అతను భార్యలను ఉద్దేశించి, మిగతా విషయాల్లో భర్తలకు లోబడండి, కానీ వాళ్ల అక్రమ సంబంధాలను మాత్రం సహించకండి, సంఘం దగ్గరికి వచ్చి ఫిర్యాదు చేయండి అని చెప్పాడు. భర్తలకు ఆ మాట నచ్చి ఉండదు. తల్లి పాటించిన మౌనాన్ని కొడుకు గౌరవించాడు కానీ, పీఠం ఎక్కినప్పుడు దాన్ని నియమంగా విధించలేదు. మోనిక చేసినదాన్ని నేను తక్కువ చెయ్యను. విడాకులకు సులువైన దారిలేని, దెబ్బలకు శిక్షలేని ఊళ్లో ఒక స్త్రీ తన ప్రాణం, పిల్లల బతుకు కాపాడుకోవడానికి పట్టిన తెలివైన పద్ధతి అది. దాన్ని క్షమ అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. శిక్షించగలిగి కూడా మానుకోవడం క్షమ. మోనికకు శిక్షించే శక్తే లేదు.

క్రైస్తవ చక్రవర్తుల చట్టాలు ఈ బోధను నెమ్మదిగా, సగం సగంగా అందుకున్నాయి. కాన్‌స్టాంటిన్ 326లో వ్యభిచార నేరం మోపే హక్కును బయటివాళ్ల చేతిలోంచి తీసి భర్తకు, దగ్గరి బంధువులకు పరిమితం చేశాడు. 331లో మాత్రం తాగుబోతు, జూదరి, పరస్త్రీలోలుడు అన్న కారణాలతో భార్య విడాకులు అడగరాదని, హంతకుడో విషం పెట్టేవాడో సమాధులు తవ్వేవాడో అయితేనే అడగవచ్చని శాసించాడు. 556లో జస్టీనియన్ చేసిన 134వ కొత్త శాసనంలో ఒక వింత కలగలుపు కనిపిస్తుంది. వ్యభిచరించిన భార్యను కొరడాలతో కొట్టి మఠానికి పంపాలి. రెండేళ్లలోగా భర్త కోరుకుంటే ఆమెను తిరిగి ఇంటికి తెచ్చుకోవచ్చు, దానివల్ల అతనికి ఏ ఇబ్బందీ ఉండదు. తెచ్చుకోకపోతే ఆమె జీవితాంతం సన్యాసినిగా అక్కడే ఉండాలి. క్రూరత్వం అలాగే ఉంది. అయినా దాదాపు ఆరు శతాబ్దాల కిందట తార్పుడు నేరమైన పని ఇప్పుడు చట్టం గడువు ఇచ్చి మరీ అనుమతించే పని అయింది. హెర్మాసు తెరిచి ఉంచమన్న తలుపు రాజశాసనంలోకి ఎక్కింది. లోపం కూడా అక్కడే ఉంది: క్షమించాలా వద్దా అన్నది పూర్తిగా అతని ఇష్టం, ఆమె భర్తను క్షమించే, క్షమించకుండా ఉండే ప్రసక్తే చట్టంలో లేదు.

మధ్యయుగంలో వివాహం మీద అధికారం చర్చి న్యాయస్థానాలకు వచ్చాక క్షమ ఒక న్యాయసూత్రంగా మారింది. 1140 ప్రాంతంలో గ్రేషియన్ కూర్చిన చర్చి నియమాల సంకలనంలో భార్యను ఉంచుకున్నవాడు పాపానికి కాపుదారు అనే పాత మాటలు, మారితే చేర్చుకోవాలనే మాటలు పక్కపక్కనే ఉంటాయి. చర్చి కోర్టు వివాహాన్ని రద్దు చేయదు. మంచం, భోజనం వేరు చేస్తుంది. తప్పు తెలిసిన తర్వాత కూడా కాపురం సాగిస్తే మన్నించినట్టే, ఇక ఆ తప్పు మీద వేర్పాటు అడగడానికి లేదు. తానూ అదే తప్పు చేసినవాడికి అడిగే నోరు లేదు. ప్రొటెస్టెంట్ సంస్కరణ వచ్చిన చోట్ల విడాకులకు దారి తెరుచుకున్నా, రాజీ మీద పట్టు తగ్గలేదు. జెనీవాలో 1542 నుంచి పాస్టర్లు, పెద్దలు గురువారాల్లో కూర్చుని పోట్లాడుకునే దంపతులను పిలిపించి ఒకరినొకరు క్షమించుకోమని చేతులు కలిపించేవారు. భార్యను కొట్టినవాళ్లను మందలించేవారు, ప్రభుభోజనానికి దూరంగా ఉంచేవారు. మరోవైపు విశ్వాసం కారణంగా భర్త చేతిలో బాధలు పడుతున్న స్త్రీ సలహా అడిగితే, ప్రాణాపాయం ఉంటే తప్ప ఇల్లు విడవవద్దని జెనీవా సంస్కర్త కాల్విన్, అతని సహచరులు జవాబు రాశారు. షరతు ఇప్పుడు ప్రాణాపాయం దగ్గరికి జరిగింది. తప్పు చేసినవాడు మారాలన్న షరతు వెనక్కి పోయింది. ఇంగ్లండులో మాత్రం చర్చి న్యాయమూర్తులు ఒక తేడాను గట్టిగా పట్టుకున్నారు. 18వ శతాబ్దం చివర లండన్ చర్చి కోర్టులో తీర్పులిచ్చిన సర్ విలియం స్కాట్ కాలానికి, భర్త తప్పు తెలిసి కూడా ఆ ఇంట్లోనే ఉన్న భార్య అతన్ని మన్నించిందని తేలిగ్గా అనుకోరాదనే పద్ధతి స్థిరపడింది. ఆమెకు వెళ్లే చోటు లేకపోవచ్చు, అతను బాగుపడతాడన్న ఆశతో ఓర్చుకుని ఉండవచ్చు, ఆ ఓర్పు ఆమెకు కీడు చేయకూడదని వాళ్ల ఆలోచన. ఆ న్యాయమూర్తులకు మోనిక తెలుసో లేదో గానీ, ఆమె పరిస్థితి అర్థమైంది.

ఈ న్యాయసూత్రమే ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. 1857 ఇంగ్లండు చట్టాన్ని అనుసరించి 1869లో భారత విడాకుల చట్టం వచ్చింది, అప్పటి నుంచి బ్రిటిష్ పాలనలోని తెలుగు క్రైస్తవుల కాపురాలకూ అదే చట్టం. గుంటూరు లూథరన్ అయినా, ఒంగోలు బాప్తిస్టు అయినా, ఆంగ్లికన్ అయినా, కతోలికులైనా కోర్టు గడప ఎక్కితే అదే పుస్తకం తెరిచేవారు. మన్నించిన తప్పు మీద విడాకులు ఇవ్వకూడదని అందులో ఉంది; కాపురం మళ్లీ మొదలుపెడితేనో కొనసాగిస్తేనో తప్ప మన్నించినట్టు లెక్క కాదని 14వ సెక్షను విడిగా చెప్పింది. ఇంతవరకు సబబే. అదే చట్టంలో 10వ సెక్షను భర్తకు ఒక్క వ్యభిచారం రుజువు చేస్తే చాలన్నది. భార్య మాత్రం వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, రెండేళ్లకు పైగా విడిచిపెట్టడమో, మరో ఘోరమో చూపించాలి. 34వ సెక్షను కింద భర్త తన భార్యతో ఉన్నవాడి దగ్గర నష్టపరిహారం రాబట్టుకోవచ్చు. భార్యకు ఆ దారి లేదు. భర్త రోజూ కొట్టినా, అక్రమ సంబంధం రుజువు కాకపోతే ఆమెకు దొరికేది వేరుగా బతికే డిక్రీయే. హెర్మాసు, గ్రెగొరి, జెరోము పట్టుబట్టిన సమానత్వం ఈ చట్టంలో లేదు; దాని కొలబద్ద అగస్టస్ కాలానిదే. కేరళ హైకోర్టు 1995లో, బొంబాయి హైకోర్టు 1997లో ఈ తేడా రాజ్యాంగానికి విరుద్ధమన్నాక, 2001లో పార్లమెంటు సవరణతో ఇద్దరికీ చాలావరకు ఒకే కారణాలు వచ్చాయి, క్రూరత్వం ఒక్కటీ చాలినంత కారణమైంది, నష్టపరిహారపు సెక్షను పోయింది. అంటే 132 ఏళ్లపాటు తెలుగు క్రైస్తవ స్త్రీ ఓర్చుకోవడంలో విశ్వాసం ఎంతో, చట్టం మూసిన తలుపు ఎంతో విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

ఆ సూత్రం క్రైస్తవుల ఇళ్ల దగ్గరే ఆగలేదు. 1955 హిందూ వివాహ చట్టం 23వ సెక్షనులోనూ మన్నింపు ఉంది. 1975లో దస్తానే దంపతుల కేసులో సుప్రీంకోర్టు మన్నింపును వివరిస్తూ, అందులో తప్పును క్షమించడం, తప్పు చేసినవారిని పూర్వస్థానంలో నిలబెట్టడం రెండూ ఉండాలని చెప్పింది. మళ్లీ అలాంటి తప్పు చెయ్యకూడదన్న షరతు మీదే ఆ మన్నింపు నిలుస్తుందని, మళ్లీ చేస్తే పాతది తిరిగి లేస్తుందని కూడా చెప్పింది. విజయవాడలోనో హైదరాబాదులోనో కుటుంబ న్యాయస్థానంలో హిందూ, క్రైస్తవ దంపతులకు వర్తించే ఈ ఆలోచనకు మూలం మధ్యయుగపు చర్చి కోర్టులు. విచిత్రమేమంటే మారుమనస్సు అనే పాత షరతును ఈనాడు మన ప్రసంగాలకన్నా మన న్యాయస్థానాలే ఎక్కువ గుర్తుంచుకున్నాయి.

చివరి అభ్యంతరం రెండు పక్కల నుంచీ వస్తుంది. ఒక పక్క, ఇన్ని షరతులు పెడితే అది క్షమ ఎలా అవుతుంది, సిలువ మీద యేసు ఎవరి పశ్చాత్తాపం చూసి క్షమించమన్నాడు అని భక్తులు అడుగుతారు. మరో పక్క, హింస జరిగే ఇంట్లో క్షమ అనే మాటే స్త్రీకి ఉచ్చు, దాన్ని పూర్తిగా పక్కన పెట్టాలి అని స్త్రీల హక్కుల కోసం పనిచేసేవాళ్లు అంటారు. భక్తులకు నా జవాబు: మనసులో పగ వదిలేయడం వేరు, కాపురం మళ్లీ కలపడం వేరు. మొదటిది విశ్వాసి ఎప్పుడైనా చేయవచ్చు. రెండోది ఇద్దరి పని. హెర్మాసు, అగస్టీను మాట్లాడింది రెండోదాని గురించి, అందుకే మారడం అడిగారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో పౌలు కూడా భర్తను విడిచిన భార్య ఒంటరిగా ఉండవచ్చు, లేదా సమాధానపడవచ్చు అని రెండు దారులూ ఉంచాడు. స్త్రీల పక్షాన మాట్లాడేవాళ్లకు నా జవాబు: మీరు వద్దంటున్నది ఓర్పు పేరుతో వచ్చిన లొంగుబాటును, దానికి నేను మీతోనే ఉన్నాను. కానీ అసలైన క్షమను కూడా వదిలేస్తే, నిజంగా మారి తిరిగి వచ్చిన మనిషికి, నిజంగా కలవాలనుకునే జంటకు దారి ఉండదు. అగస్టస్ చట్టం అలాంటి దారే మూసింది. 1983 కతోలిక ధర్మశాస్త్రం ఈ రెండింటినీ ఒకేచోట పెట్టింది. వ్యభిచరించిన జీవిత భాగస్వామిని క్షమించమని 1152వ నియమం గట్టిగా సిఫారసు చేస్తుంది, ఆజ్ఞాపించదు. క్షమించనివారికి వేరుపడే హక్కు ఉంచుతుంది. శరీరానికో మనసుకో తీవ్రమైన అపాయం తెచ్చే భాగస్వామిని విడిచి వెళ్లడం న్యాయమైన కారణమని, ఆలస్యం చేస్తే ముప్పు ఉన్నప్పుడు బిషప్పు ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదని 1153వ నియమం చెబుతుంది. ఈ నియమాన్ని ఆదివారం పీఠం మీద నుంచి చదివి వినిపించే విచారణలు ఎక్కువ లేవు. క్షమాగుణం మీద ప్రసంగాలకు మాత్రం కొదవ లేదు.

పాస్టర్లకు, సంఘ పెద్దలకు, విచారణ గురువులకు నా విన్నపం ఒకటే. దెబ్బలతోనో మోసంతోనో చితికిన స్త్రీ మీ దగ్గరికి వచ్చినప్పుడు, ఆమెను క్షమించమని అడగడానికి ముందు ఆమె భర్తను పిలిపించండి. అతను తప్పు ఒప్పుకున్నాడా, మానాడా, ఆమెకు క్షేమం ఉందా అని తేల్చుకోండి. తేలేదాకా ఆమెను పుట్టింట్లోనో మరో చోటో ఉండనివ్వండి. అలా ఉన్నందుకు సంఘంలో ఆమె వైపు వేలు చూపే నోళ్లను మూయించండి. పెళ్లికి ముందు ఇచ్చే ఉపదేశంలో 2001 సవరణ తర్వాత చట్టం ఇద్దరికీ సమానమని, కొట్టడం ఒక్కటే విడాకులకు చాలినంత కారణమని ఆ జంటకు చెప్పండి. యోహాను 8వ అధ్యాయం మీద ఈసారి ప్రసంగించేటప్పుడు ముందు వరసలో కూర్చున్న మగవాళ్లను చూసి ప్రసంగించండి.